రివర్సు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: «రానీ, రానీ, రానీప్పా... కుడికి కొట్టు... చాలు చాలు... ఇంగ ముందుకు తియ్యి.»

అవతారిక: హిందూపురంలో చింతపండు, బెల్లం మండీల సందుల్లో, ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ల వీధుల్లో, పెనుకొండలో కోట కింది ఇరుకు మలుపుల్లో ట్రాక్టరు ట్రాలీని వెనక్కి పెట్టించేవాడి నోట వెలువడే సూత్రమిది. కర్త అజ్ఞాతుడు. హమాలీల సంప్రదాయంలో దీని సారమంతా «కుడికి కొట్టు» అన్న రెండు మాటల్లోనే ఉందంటారు. ట్రాలీ తోక ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి, ఈ తిరకాసు తెలిస్తే చాలునని వారి వాదం. మా మతం వేరు. ఇందులో ప్రధానవాక్యం చివరిది. తక్కినవన్నీ దానికి అంగాలు.

ప్రతిపదార్థం: రానీ = (ట్రాలీని) రానిమ్ము. ఇక్కడ ‘ట్రాలీని’ అన్నది అధ్యాహారం. ‘తే’ అనక ‘రానీ’ అనడంలో ఔచిత్యముంది. డ్రైవరుకూ ట్రాలీకీ ఉన్న సంబంధం ఒక్క హుక్కు, ఒక్క పిన్ను. అతడు ఆ పిన్నును తోయగలడే గాని ట్రాలీని తిప్పలేడు. ముమ్మారు పలకడం వట్టి ఆమ్రేడితం కాదు, ఒక్కో ‘రానీ’కి క్లచ్చు ఒక్కసారి సగం వదిలితే చాలునన్న కొలత. కుడికి కొట్టు = స్టీరింగును కుడికి తిప్పుము. అప్పుడు ట్రాక్టరు వెనక భాగం కుడికి జరిగి పిన్నును అటు నెడుతుంది, ట్రాలీ తన ఇరుసు మీద తిరిగి తోకను ఎడమకు పెడుతుంది. చాలు చాలు = తోక తిరగడం మొదలైంది గనుక ఇక స్టీరింగు వెనక్కి తెచ్చుకొని ట్రాలీ వెంట పొమ్ము.

ఇక అసలు విషయం. లాగేటప్పుడు ట్రాలీలో ఉన్న వంకర తనంతట తానే తగ్గుతుంది, తోసేటప్పుడు తనంతట తానే పెరుగుతుంది. వంకర చిన్నగా ఉన్నంతసేపు స్టీరింగుతో దాన్ని అదుపు చేయవచ్చు. ఒక హద్దు దాటాక మాత్రం ఎదురు వైపుకు ఫుల్ కటింగు కొట్టినా ట్రాలీ మెలిక విప్పదు, మూల వచ్చి ట్రాక్టరు పెద్ద టైరును రాసుకొనేదాకా మడతపడుతూనే ఉంటుంది. ఆ స్థితిలో లోకంలో ఉన్న ఉపాయం ఒక్కటే, ముందుకు లాగడం. కాబట్టి «ముందుకు తియ్యి» అన్నది ఓటమిని ఒప్పుకోవడం కాదు, వెనక్కి పోయే పనిలో అది సగభాగం.

పూర్వపక్షం: చేయితిరిగిన డ్రైవరు ముందుకు తీయకుండా ఒక్క ఊపున పెడుతున్నాడు కదా? సిద్ధాంతం: అతడు సందు దాటి నాలుగు బారలు ముందుకు పోయి, ట్రాలీని వరుసకు తెచ్చుకున్నాకే రివర్సు గేరు వేశాడు. తీయవలసినదేదో ముందే తీశాడు. చూసేవారికి అది లెక్కలోకి రాదు, అంతే.

మరో ఆక్షేపం: ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైనప్పటి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద కార్లు మోసే పొడుగాటి ట్రైలర్లు తిరుగుతున్నాయి. అంత పొడుగువే వెనక్కి పోతుంటే ఈ పొట్టి ట్రాలీ ఒక లెక్కా? సరిగ్గా పొట్టిది కాబట్టే లెక్క. పిన్నుకూ ఇరుసుకూ మధ్య దూరం తగ్గేకొద్దీ వంకర త్వరగా పెరుగుతుంది. పొడుగు ట్రైలరు నిదానంగా తిరిగి డ్రైవరుకు వ్యవధి ఇస్తుంది. దానికి కావలసింది చోటు, అది విశాలమైన యార్డులో దొరుకుతుంది, మండీ సందులో దొరకదు. నాలుగు చక్రాల ట్రైలరు సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని ముందు ఇరుసు కూడా తిరుగుతుంది గనుక కీళ్లు రెండు, వంకరలూ రెండు.

బరువు మాట సూత్రంలో లేదేమని అడుగుతారు. ‘కుడికి కొట్టు’లోనే అది ఇమిడి ఉంది. బస్తాలు ట్రాలీ ముందు వైపుకు పేర్చితే భారం పిన్ను మీద పడి ట్రాక్టరు మూతి తేలిపోతుంది, ముందు చక్రాలు నేలను సరిగా పట్టవు, కొట్టిన కటింగు వృథా. ట్రాక్టరు ముందర ఇనుప బరువులు తగిలించేది ఇందుకే. అమెరికాలో కారు వెనక ప్రయాణపు ట్రైలరు కట్టుకొని తిరిగేవారికీ ఇదే చిక్కు. అక్కడ ట్రైలరు బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు హుక్కు మీద పడాలన్నది వాడుక సూత్రం. ఆ భారంలో కొంత ముందు చక్రాలకు చేరేలా స్ప్రింగు కమ్మీలు బిగిస్తారు. నేరుగా పోయేటప్పుడు అవి మేలే చేస్తాయి. ఇరుకు మలుపులో వెనక్కి తోస్తే మాత్రం మెలితిరిగి బిగుసుకుంటాయి. ఊగకుండా రాపిడితో పట్టే కమ్మీనైతే రివర్సుకు ముందే ఊడదీయాలి, లేకుంటే వంగిపోతుంది. ఎంత ఇనుము బిగించినా తోపుడులో పెరిగే వంకర పెరుగుతూనే ఉంటుంది. వెనక కెమెరా ఉందిగా అంటారా, అది గోడ ఎంత దూరమో చూపుతుంది, గోడను జరపదు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో సూత్రం చివర «ఆపు ఆపు ఆపు» అని కనిపిస్తుంది. అది ప్రక్షిప్తం. గోడ సొంతదారు చేర్చినది.