భాష రాదా? అయితే వీసా రెడీ!

తిరువూరు పొలిమేర దాటి కాస్త ముందుకు పోతే తెలంగాణ. అటు కూలికి పోయేవాణ్ణి ఎవరూ పాస్‌పోర్టు అడగరు, భాషా అడగరు. అందుకే కాబోలు దాన్నెవరూ ఉద్యోగమనరు. పెళ్లిచూపుల్లో చెల్లే ఉద్యోగానికి విమానం ఎక్కాల్సిందే.

“అరబ్బీ ముక్క రాదు బాబాయ్” అని కుర్రాడు నసుగుతాడు. “రాకపోతేనే సుఖంరా అబ్బాయ్, సేటు తిట్టినా అర్థం కాదు” అంటాడు ఏజెంటు. ఆయన నోట వచ్చే నిజం అదొక్కటే.

భాష అడిగే దేశాలూ లేకపోలేదు. జర్మనీ ఆసుపత్రుల్లో నర్సుకు మామూలుగా బీ2 స్థాయి జర్మన్ కావాలి. జపాన్ 2019లో తెచ్చిన నైపుణ్య వీసాకు ఎన్4 స్థాయి జపనీస్ అయినా రావాలి. అవన్నీ నెలల తరబడి చదువులు. గల్ఫ్‌లో కూలిపనికి ఆ బాధ లేదు. భాషతో పని లేదన్న చోట ఇక పనితోనే పని!

సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఒప్పందం అరబ్బీలో ఉండాలి. పక్కన మరో భాషలో రాసుకున్నా, తేడా వస్తే అరబ్బీదే చెల్లుబాటు. సంతకం తెలుగులో పెడితే మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు. అకామా, అంటే నివాస అనుమతి, రెన్యువల్ చేయించాల్సింది కఫీలు, అంటే అక్కడి యజమాని. ఆయన మరిచిపోతే కాగితాల్లేని ‘ఖల్లివల్లి’ అయ్యేది కార్మికుడు.

మన ప్రభుత్వం ఊరుకుందా? 1983లోనే వలసల చట్టం చేసింది. పది పాస్ కానివాడు పనికోసం గల్ఫ్ సహా 18 దేశాలకు వెళ్లాలంటే అనుమతి తీసుకోవాలి. పాసైతే అక్కర్లేదు. తెలుగు మీడియంలో అత్తెసరు మార్కులతో గట్టెక్కినా సరే, రియాద్ లేబర్ కోర్టులో తన కేసు తానే వాదించుకోగలడని ఢిల్లీ ధీమా. మన పదో తరగతి మీద అంత నమ్మకం విద్యాశాఖకు కూడా లేదు.

లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మిగతావాళ్లకు ఈ పరిమితి వర్తించదు, లైసెన్సే లేదుగా!

ఇంతకీ మన భాషలకు గిరాకీ ఉన్న పరదేశం ఒకటి తేలింది: కంబోడియా. డేటా ఎంట్రీ అని నమ్మించి పంపిన కుర్రాళ్లను అక్కడి ముఠాలు సైబర్ మోసాల్లోకి దింపాయి. స్వదేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించి డబ్బు గుంజాయి. కోచింగ్ అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు, అమ్మ నేర్పిన మాటలు చాలు. కాకపోతే గదిలోంచి బయటికి రానివ్వరు. 2024 మేలో విశాఖ పోలీసులు ఈ గుట్టు విప్పారు. ఆ నెలలోనే కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో వందల మంది భారతీయులు ముఠాలపై తిరగబడ్డారు.

అరెస్టయింది ఇక్కడి ఏజెంట్లు. అక్కడి యజమానులను ఏమని పిలుస్తారు పాపం, వాళ్లకు తెలుగులో సమన్లు పంపితే అర్థం కావుగా!