సుషీ కొట్టుకు వెళ్తే చవక పళ్లెమే అడగండి

టోక్యో వెళ్తున్నామని నోరు జారితే చాలు, సుషీ మీద సలహాలు మొదలవుతాయి. మిషెలిన్ నక్షత్రాలున్న చోటికే వెళ్లమంటారు. నెలల ముందే సీటు చెప్పిపెట్టుకోమంటారు. ఏం తినాలో వంటాయనకే వదిలేసే ఒమకసే భోజనం తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దంటారు. చేప తాజాదేనా అని అడిగి మరీ తినమంటారు. నేను చెప్పేవి వీటికి అడ్డంగా పోయే సలహాలు. మొదటిసారి వింటే తలకిందులుగానే తోస్తాయి. కానీ స్టేషను వెనక సందులో, తలుపు మీద చిన్న గుడ్డ తెర వేలాడుతూ, లోపల ఎనిమిదో పదో సీట్లుండే పేట సుషీ కొట్టుకు పనికొచ్చేవి ఇవే. అలాంటి కొట్లంటే నాకు చాలా ఇష్టం. అవి తగ్గిపోతున్నాయన్న బెంగతోనే ఇది రాస్తున్నాను.

ముందుగా, పేరున్న చోటు వెతక్కండి. గింజాలో ఒక భవనం నేలమాళిగలో ఉన్న సుకియబాషి జిరో కొట్టుకు 2007లో మూడు నక్షత్రాలు వచ్చాయి. 2011లో దాని మీద వచ్చిన డాక్యుమెంటరీని ప్రపంచమంతా చూసింది. చివరికి మామూలు జనం సీటు చెప్పిపెట్టుకునే వీలు లేదని 2019లో మిషెలిన్ గైడు దాన్ని జాబితాలోంచి తీసేసింది. ఆ కొట్టు పెట్టిన జిరో ఓనో పనితనం గొప్పదే, అందులో సందేహం లేదు. అయితే మనం లోపలికే వెళ్లలేని చోటి గురించి తెలుసుకుని చేసేదేముంది? మన వీధిలో ఉన్నదాని తలుపు తీయండి.

లోపల జనం లేరని వెనక్కి తిరక్కండి. మన దగ్గర ఖాళీ హోటలంటే అనుమానిస్తాం, అది సహజం. పేట సుషీ కొట్టు లెక్క వేరు. బయట పాత డెలివరీ బండి ఉందేమో చూడండి. ఈ కొట్ల వ్యాపారంలో పెద్ద భాగం ఆ బండి మీదే బయటికి పోతుంది. ఎవరింటికో చుట్టాలొచ్చారు, ఎవరింట్లోనో పండగ, ఇంకెక్కడో అంత్యక్రియలకు వచ్చినవాళ్లకు భోజనం పెట్టాలి. గుండ్రటి లక్క పూత పళ్లేల్లో సుషీ వెళ్తుంది. తిన్నాక ఇంటివాళ్లు పళ్లెం కడిగి గుమ్మం బయట పెడితే, కొట్టువాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. ఇరుగుపొరుగు ఇళ్ల మంచిచెడ్డలన్నిటికీ అన్నం పంపే చోటు అది. అంతమంది ఏళ్ల తరబడి నమ్మారంటే, ఇంటర్నెట్‌లో పెట్టే చుక్కల కన్నా నాకు అదే గట్టి సాక్ష్యం.

ఇక అసలు సలహా. మధ్యాహ్నం వెళ్లి, ఉన్నవాటిలో చవక పళ్లెం అడగండి. చాలా కొట్లలో పళ్లేలు మూడు తరగతులు: నామి, జో, తొకుజో. నామి అన్నిటిలోకీ చవక. మధ్యాహ్నం పూట చాలాచోట్ల వెయ్యి నుంచి రెండువేల యెన్‌లలో వస్తుంది. అందులో ఎర్ర ట్యూనా, స్క్విడ్, ఉడికించిన రొయ్య, గుడ్డు అట్టు ముక్క, ఒకటో రెండో సన్నటి చుట్టలు ఉంటాయి. ఇంత దూరం వచ్చి చవకది తినడమేమిటని మీ వెంట వచ్చినవాళ్లు అంటారు. వినకండి. ఖరీదైన పళ్లెంలో రుచి చాలావరకు కొవ్వు పట్టిన చేపది. అది మార్కెట్లో డబ్బు పెట్టి కొన్న రుచి. చవక పళ్లెంలో చేప మామూలుది కాబట్టి అన్నం ఎలా కలిపారు, రొయ్యను ఎంతసేపు ఉడికించారు, గుడ్డు అట్టు తీపి ఎక్కడ ఆపారు అన్నవన్నీ నాలుకకు నేరుగా తెలుస్తాయి. అక్కడ పనితనం దాక్కోలేదు.

పైగా సుషీ పుట్టిందే చవక తిండిగా. ఇప్పుడు మనం చూసే నిగిరి సుషీ 1820ల ప్రాంతంలో ఎదో నగరంలో, అంటే ఈనాటి టోక్యోలో, రూపు దిద్దుకుంది. రియోగొకులో కొట్టు నడిపిన హనయా యొహేయ్‌కి ఆ ఖ్యాతి ఇస్తారు. బండ్ల దగ్గర నిలబడి, చేత్తో తీసుకుని, రెండు మూడు తిని పనికి పోయేవాళ్ల తిండి అది. ముక్కలు ఇప్పటికన్నా చాలా పెద్దవి. ఐసు లేని కాలం కాబట్టి చేపను ఉప్పులోనో వెనిగర్‌లోనో ఊరబెట్టేవారు, ఉడికించేవారు, ట్యూనానైతే సోయాలో నానబెట్టేవారు. ఈనాడు మొత్తం పళ్లెంలో ఎక్కువ ధర పలికే ట్యూనా పొట్ట కొవ్వుకు అప్పట్లో గౌరవమే లేదు. పచ్చి సాల్మన్ సుషీ అయితే 1980ల మధ్యలో నార్వే తన చేపను జపాన్‌లో అమ్ముకోవడానికి గట్టిగా ప్రచారం చేశాకే వచ్చింది. పాతకాలపు కొట్టులో సాల్మన్ కనిపించకపోతే లోటనుకోకండి. దాని బదులు కొహదా ఉందేమో అడగండి. వెండిలా మెరిసే చిన్న చేప. ఉప్పు పట్టించి, కడిగి, వెనిగర్‌లో ఊరబెడతారు. ఎంతసేపన్నది చేప పరిమాణం, కొవ్వు, ఆనాటి వాతావరణం చూసి నిర్ణయించాలి. పేదవాళ్ల చేపే, కానీ పనితనం మొత్తం దాన్లోనే బయటపడుతుంది.

చేపను కాదు, అన్నాన్ని తూకం వేయండి. ఈ విషయంలో తెలుగువాళ్లు ఎవరికీ తీసిపోరు. పులిహోరకు అన్నం ఆరబోసి మెతుకు విరక్కుండా కలిపినంత జాగ్రత్తగా, వేడి అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టిలో వేసి, ఉప్పూ పంచదారా కరిగించిన బియ్యపు వెనిగర్ పోసి, తెడ్డుతో కోస్తున్నట్టు కలిపి, విసనకర్రతో విసురుతారు. మీ ముందుకొచ్చేసరికి అది ఒంటి వేడిలో ఉండాలి. ఫ్రిజ్ చల్లదనం తగిలిందంటే ఆ కొట్టుకు మళ్లీ వెళ్లనక్కర్లేదు. 1947లో ఆహార కొరత వల్ల హోటళ్లన్నీ మూయించినప్పుడు, టోక్యో సుషీ కొట్లు ఒక దారి వెతుక్కున్నాయి. గిరాకీ ఒక గో, అంటే 180 మిల్లీలీటర్ల కొలత బియ్యం తెచ్చి, కూలి ఇస్తే పది సుషీలు చేసి ఇచ్చేవారు. బియ్యం తెచ్చుకుంటే సుషీ దొరికేది. నా మట్టుకు ఇది చేపల కొట్టు కాదు, అన్నం కొట్టు.

కౌంటరు ముందే కూర్చోండి, ఎంత మొహమాటమైనా సరే. బల్ల దగ్గర కూర్చుంటే వంటాయన చేతులు కనిపించవు. ఆయన చేతులు వెనిగర్ కలిపిన నీళ్లతో తడుపుకుని ఒక్కసారి చరుచుకుంటారు. కుడిచేత్తో తొట్టిలోంచి అన్నం తీసి వేళ్ల మధ్యనే ముద్ద చేస్తారు. ఎక్కువైతే నాలుగు మెతుకులు తిరిగి తొట్టిలోకి జారవిడుస్తారు. ఎడమచేతిలో చేప ముక్క, దాని మీద చూపుడువేలితో వసాబి పూత, ఆపైన ముద్ద. రెండు వేళ్లతో నొక్కి, తిప్పి, ఇంకోసారి నొక్కి, చెక్క పీట మీద పెడతారు. మంచి ముద్ద అయితే పెట్టిన మరుక్షణం వెంట్రుకవాసి కిందికి కుంగుతుంది. లోపల గాలి ఉందన్నమాట. ఎత్తితే విడిపోదు, నోట్లో విడిపోతుంది. ఆ కుంగడం చూడాలంటే ఫోన్ పక్కన పెట్టాలి. ఫొటో కోసం అయిదు నిమిషాలు ఆపితే అన్నం చల్లబడుతుంది, చేప ఆరుతుంది.

చేత్తో తినండి. విదేశంలో చేత్తో తింటే ఏమనుకుంటారోనని మనవాళ్లు పుల్లలతో కుస్తీ పడతారు, ముద్ద చిదిమేస్తారు. ఇక్కడ చేత్తో తినడం పాత పద్ధతే, పూర్తిగా మర్యాదే. ముక్కను పక్కకు తిప్పి చేప అంచు మాత్రమే సోయాలో తాకించండి. అన్నం వైపు ముంచితే సోయా మొత్తం పీల్చి, ముద్ద విరిగి గిన్నెలో పడుతుంది. వసాబి అన్నానికీ చేపకూ మధ్య ముందే ఉంటుంది కాబట్టి సోయాలో కలిపి పేస్టు చేయకండి. అల్లం ముక్కలు ఒక చేపకూ ఇంకో చేపకూ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి. పిల్లలుంటే సాబినుకి అనండి, వసాబి లేకుండా చేసిస్తారు.

ఈ రోజు ఏ చేప తాజాది అని అడగకండి. అప్పుడే పట్టిన చేపే గొప్పదన్న మన కోస్తా నమ్మకం పులుసుకు సరిపోతుంది, ఇక్కడ కాదు. తెల్ల చేపలు చాలావాటికి పట్టిన వెంటనే కండ గట్టిగా ఉంటుంది తప్ప రుచి ఉండదు. ఒకటి రెండు రోజులు చల్లగా ఉంచితే కండలో రుచినిచ్చే పదార్థం పెరుగుతుంది. ట్యూనా చాలావరకు నడిసముద్రంలోనే మైనస్ 60 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి తెచ్చినదే. గడ్డకట్టించిన చేప అంటే నాసిరకమని కాదు. అనిసాకిస్ అనే పురుగును చంపడానికి మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు ఉంచడం నమ్మదగిన మార్గం. చేపను ఏం చేశారని అడగండి. ఆ ప్రశ్నకు వంటాయన సంతోషంగా జవాబు చెప్తారు.

శాకాహారులు కూడా వెళ్లండి. ఈ సలహాకు చాలామంది అభ్యంతరం చెప్తారని తెలుసు. కప్పా-మాకి అంటే దోసకాయ చుట్ట, నత్తో-మాకి అంటే పులియబెట్టిన సోయా గింజలది, ఉమె-షిసో అంటే ఊరగాయ ప్లమ్‌దీ షిసో ఆకుదీ. కాన్‌ప్యో-మాకిలో ఉండేది ఎండబెట్టిన సొరకాయ పట్టీ, మన సొరకాయ జాతే. తోచిగి ప్రాంతంలో ఎక్కువగా పండిస్తారు. అయితే ఆ పట్టీని ఉడికించే నీళ్లలో చేప రసం ఉండొచ్చు, ఇనారి అనే వేయించిన టోఫు పొట్లాల్లోనూ గుడ్డు అట్టులోనూ అంతే, మీసో సూప్‌లోనైతే దాదాపు తప్పకుండా ఉంటుంది. పూర్తి శాకాహారులు ముందే అడిగి తెలుసుకోవాలి. అడగడంలో తప్పేమీ లేదు.

నామి పళ్లెం అయ్యాక నచ్చినవి రెండో మూడో విడిగా అడగండి. ధర దగ్గర అంకె లేకుండా ఆనాటి మార్కెట్ ధర అని రాసి ఉంటే ఎంతని అడిగేయండి. సంకోచించనక్కర్లేదు, విని వద్దనుకుంటే ఇంకోటి చెప్పుకోవచ్చు. కొట్టువాళ్లలో వాళ్లు వాడుకునే మాటలు నేర్చుకుని వెళ్లకండి, మామూలు జపనీస్ చాలు. సెంటు పూసుకోకండి. టిప్పు ఇవ్వకండి, అక్కడ ఆ అలవాటే లేదు. తిన్నాక టీ తాగి లేచిపోండి.

టోక్యోలోని ఎదోగావా వార్డులో, నిషికసాయి చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకు నా విన్నపం: చుట్టాలు ఊరినుంచి వచ్చినప్పుడు మాత్రమే కాకుండా, మీ వీధి కొట్టుకు మామూలు రోజుల్లో వెళ్లండి. నడిపేవాళ్లకు వయసు మీరి, తర్వాత పట్టుకునేవాళ్లు లేక ఇలాంటివి ఎన్నో మూతపడుతున్నాయి. ఎక్కడున్నా సరే, సీటు చెప్పిపెట్టుకుని వెళ్లలేకపోతే ఒక ఫోన్ చేయండి. ఎనిమిది సీట్ల కొట్టు అది, మీ కోసం చేప ఆ పొద్దున్నే కొనేసి ఉంటారు.