చల్లదనం యూనిట్ ఎంత సారూ?

మే నెల మధ్యాహ్నం ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాలో సిమెంటు రేకుల కింద ఐదు నిమిషాలు కూర్చోండి. ఫ్యాను తిరుగుతుంది. వడగాలి ఇంకాస్త ఊపుగా మొహాన కొడుతుంది. దీనికీ మీటరు తిరుగుతుంది.

లెక్క తీద్దామా? ఫ్యాను 75 వాట్లు. రోజంతా తిప్పినా రెండు యూనిట్లు కాదు. కూలరు 200 వాట్లు, చవకే. కానీ నీళ్లు పోయాలి. కిడ్నీ జబ్బులతో కుదేలై, తాగడానికే ట్యాంకరు దారి చూసిన తండాలో కూలరు గొంతు ఎవరు తడుపుతారు? ఇక ఏసీ. రాత్రి 8 గంటలు వేస్తే సుమారు పది యూనిట్లు, నెలకు 300. 225 దాటాక ప్రతి యూనిట్టూ 8.75 రూపాయలు. గది చల్లబడుతుంది, బిల్లు చూశాక చెమట పడుతుంది.

వేడినీళ్ల సంగతీ అంతే. గ్యాస్ బండ 850 దాటాక, చిన్న స్లాబులో ఉన్న ఇంటికి బకెట్ నీళ్లు కాచడానికి హీటరే చవక. కట్టెలు ఇంకా చవక. ఆ పొగ బిల్లు ఆడవాళ్ల ఊపిరితిత్తుల పేరున వస్తుంది లెండి.

అసలు ఘనకార్యం కరెంటు బిల్లులోని ఇంధన సర్దుబాటు ఛార్జీ. 2022-23లో వాడేసిన కరెంటుకు 2024 డిసెంబరు నుంచి మళ్లీ వసూలు! రాష్ట్రం మొత్తం మీద 6,072 కోట్లు. అప్పటి ఫ్యాను ఎప్పుడో కాలిపోయి పాత ఇనుప సామాను కొట్టుకు పోయింది, బాకీ మాత్రం బతికే ఉంది. అప్పు పాత ప్రభుత్వానిదని కొత్త ప్రభుత్వం, వడ్డన మీదని పాతవాళ్లు. ఎన్నికల ముందు ఛార్జీలు పెంచబోమన్నారుగా? పెంచలేదట. సర్దారట!

పైగా సుద్దులు. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని కేంద్రం రూలు పెట్టింది. డిగ్రీ పెంచితే 6 శాతం ఆదా అట. మంచిదే. విద్యుత్ పొదుపు మీద సమీక్ష జరిగే గదిలో రిమోట్ ఎంత చూపిస్తోందో ఎవరైనా అడిగారా? ఇదే జిల్లా ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలుతుంది. బూడిద జిల్లాకు, చల్లదనం ఆ గదికి.

తండాకేం తక్కువ, 200 యూనిట్లు ఉచితం కదా అంటారు. నిజమే. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల సోలార్ కూడా ఉచితమన్నారు. దానికి గట్టి కప్పు కావాలి. సిమెంటు రేకుల మీద ఎక్కితే ప్యానెల్ కన్నా ముందు మనిషే కిందపడతాడు. ముందు డాబా వేసుకో, తర్వాత చూద్దాం అంటే, ఆ డాబా ఎవరి డబ్బుతో వేయాలి సారూ?