పీడీ సార్ ఈలను నేను

నేను ఈలను. ఇత్తడి ఒళ్లు, కడుపులో ఒక బెరడు గింజ. ఊపిరి తగిలితే నాకు గొంతు వస్తుంది, ఆ గింజ గిరగిరా తిరిగి ఆ గొంతును వణికిస్తుంది. అమ్రాబాద్, పదర, మన్ననూర్ దిక్కు పిల్లలు చదువుకునే ఒక డిగ్రీ కాలేజీలో పీడీ సార్ మెడలో ఉంటున్నాను. అంతకుముందు హైదరాబాదులో ఒక డ్రిల్లు మాస్టారి దగ్గర ఉండేదాన్ని. కుర్రతనంలో ఫుట్‌బాల్ కోచ్ రహీమ్ సాబ్ దగ్గర ఆట నేర్చుకున్న మనిషి ఆయన. ముసలితనంలో నన్ను తన శిష్యుడి చేతిలో పెట్టాడు. ఆ శిష్యుడే మా పీడీ సార్.

ఈ ఏడు పాలమూరులో జరిగిన ఇంటర్ కాలేజీ టోర్నమెంటులో మా పిల్లలు మొదటి మ్యాచ్‌లోనే 5-0తో ఓడిపోయారు. అక్కడ మోగింది రెఫరీ ఈల. నేను తొంభై నిమిషాలూ సార్ పిడికిట్లో ఉండి అంతా చూశాను. దమ్ముకు మా వాళ్లకేం కొదవ లేదు. చెంచు పెంటల నుంచి, లంబాడీ తండాల నుంచి వచ్చిన పిల్లలు, అడవి దారుల్లో గుట్టలెక్కి పెరిగిన కాళ్లు. కానీ బంతి ఎటు పోతే అందరూ అటే ఉరికారు. బంతి దొరికినోడు దాన్ని ఇంకొకరికి ఇయ్యడు, ముగ్గురిని ఒక్కడే దాటాలని చూస్తాడు. అవతలి జట్టు అందిన బంతిని ఒక్క తాకుతో పక్కవాడికి పంపేసి ఖాళీలోకి పరుగెత్తింది. ఐదు గోల్స్ అట్లనే పడ్డాయి.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ మాట్లాడలేదు. మన్ననూర్ చేరేసరికి తొమ్మిది దాటింది. పులుల అడవి కాబట్టి శ్రీశైలం రోడ్డు మీద అక్కడి గేటు రాత్రి 9కి మూసి పొద్దున 6కి తెరుస్తారు. వటువర్లపల్లి దిక్కు పోవలసిన ఇద్దరు పిల్లలు ఆ రాత్రి ఇటువైపే ఆగిపోయారు. వాళ్లతో సార్ కూడా ఆగారు.

"ఇగ నేను రాను సార్. మాకు ఫుట్‌బాల్ పడదు," అన్నాడు వాళ్లలో ఒకడు. జట్టులో ఎడమ పక్క ఆడే చెంచు పిల్లగాడు.

"హెల్సింకిలో ఏమైందో తెలుసా బిడ్డా?" అన్నారు సార్.

ఆ కథ మా డ్రిల్లు మాస్టారి నోట నేను చాలాసార్లు విన్నదే. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 10-1తో ఓడింది. చలిలో మన వాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ జట్టు కోచ్ హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ముందు బడిపంతులు, తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు గురువు. ఆ పోలీసులు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచారు. పది గోల్స్ తిన్న కోచ్‌ను పంపేయడం ఎంత తేలిక! పంపలేదు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీ ఫైనల్‌కు చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చూసిన మొదటి ఆసియా జట్టు అదే. నాలుగో స్థానంలో నిలిచింది.

ఆ నాలుగేళ్లే నాకు ముఖ్యం. ఓడిన జట్టును మూడు నెలల్లో నిలబెడతామనే మాట నేను నమ్మను. హైదరాబాదులో రహీమ్ సాబ్ డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టేవారు, బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. బలం లేని కాలితోనే ఆడాలనే పోటీలూ పెట్టేవారు. కుడికాలి వాడు ఏళ్ల తరబడి ఎడమకాలితో తన్ని తన్ని రెండు కాళ్లవాడయ్యేవాడు. అమ్ముగూడ పేదింటి పిల్లగాడు తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ అద్దె ఆయనే ఇచ్చేవారంటారు. ఆ బలరాం 1956లో, 1960లో ఒలింపిక్స్ ఆడాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడలకూ వెళ్లాడు.

జకార్తా సంగతి చెప్పేటప్పుడు సార్ గొంతు మారింది. మొదటి మ్యాచ్‌లోనే కొరియా చేతిలో 2-0 ఓటమి. రహీమ్ సాబ్‌కు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఇంటికి పంపకుండా ముందు వరుసలో ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే కొరియాను 2-1తో ఓడించారు. ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది ఆ జర్నైల్‌ది. మరుసటి ఏడు జూన్‌లో రహీమ్ సాబ్ కన్నుమూశారు. 1970లో బ్యాంకాక్‌లో హైదరాబాదు నయీముద్దీన్ కెప్టెన్‌గా కంచు వచ్చింది. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఏ పతకమూ లేదు. గురువు పోయాక ఆ పని అంతే శ్రద్ధగా ఎత్తుకునే చేతులు వెంటనే దొరకకపోతే ఎన్ని ఏళ్లు పోతాయో చూడండి.

పాలమూరు నుంచి వచ్చిన మూడో రోజు నుంచే పొద్దున గ్రౌండులో నా మోత మొదలైంది. రెండు తాకులకు మించి బంతి పట్టుకుంటే ఈల. ఎడమకాలి వారం కుడికాలు తగిలితే ఈల. మొదట్లో పిల్లలు విసుక్కున్నారు. నెల తిరిగేసరికి బంతి అందకముందే తలెత్తి ఎవరు ఖాళీగా ఉన్నారో చూడటం మొదలుపెట్టారు. ఇది గెలుపు కాదు. కానీ 5-0 పడ్డ ఆ మధ్యాహ్నం ఈ చూపు వాళ్లలో ఒక్కరికీ లేదు.

పొద్దుటి బస్సు దొరకని పిల్లలకు హాస్టల్లో చోటు కావాలి. బూట్లు కావాలి. ప్రాక్టీసు అయ్యాక గుడ్డు, పల్లీలు కావాలి. ఆడపిల్లల జట్టు ఇంకా కట్టనే లేదు. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతున్నప్పుడు మా తండాల బిడ్డలు గ్రౌండు బయట నిలబడి చూడటం నాకు నచ్చదు. ఈ మాట సార్ కూడా మీటింగుల్లో చెబుతూనే ఉన్నారు.

వీటన్నిటికంటే పెద్ద దిగులు ఇంకొకటి. వచ్చే ఏడు సార్ రిటైర్ అవుతారు. ఆ ఉద్యోగంలోకి ఇంకొకరు ఎప్పుడు వస్తారో, వస్తే ఫుట్‌బాల్ తెలిసినవాళ్లే వస్తారో లేదో. ఏడాదికొక మనిషి మారితే ఎడమకాలి వారం ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

అందుకే సార్ ఇప్పుడు వారంలో మూడు రోజులు నన్ను ఆ వటువర్లపల్లి దిక్కు పిల్లగాడికి ఇస్తున్నారు. ఇగ రానన్నవాడే. జూనియర్లకు ప్రాక్టీసు వాడే పెడతాడు. మొదట్లో ఊదడానికి సిగ్గుపడ్డాడు, ఇప్పుడు గట్టిగానే ఊదుతున్నాడు. తప్పు చేసినవాణ్ని ఆపి, తిట్టకుండా, బంతి కాలికి ఎక్కడ తగలాలో కూర్చుని చూపిస్తాడు. డిగ్రీ అయ్యాక బీపీఈడీ చదవాలని పీఈసెట్‌కు అప్లికేషన్ పెట్టాడు. ఫీజు సార్ కట్టారు. పీఈసెట్‌లో పరుగు, దూకడం, షాట్‌పుట్ పరీక్షలుంటాయి. పరుగులో వాడికి ఎదురు లేదు, షాట్‌పుట్ ఇంకా నేర్వాలి. రోజూ సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక ఆ గుండు పట్టుకుని గ్రౌండు మూలకు పోతున్నాడు, సార్ కొలత టేపుతో వెనకాలే పోతున్నారు.