నెలనెలా ప్రళయము

నెలకొక మారైనను ప్రళయము తప్పిపోనిదే మన వార్తా ఛానెళ్లకు పొద్దు గడవదు. ‘దూసుకొస్తున్న మృత్యుశిల’ యని ఎఱ్ఱని యక్షరములు తెరపై తాండవించును. ఏ చలనచిత్రమునుండి అరువు తెచ్చినదో గాని, మండుచున్న రాయి యొకటి భూగోళమును పదేపదే చీల్చును. తుదకు వీక్షకుడు ప్రాణములు అరచేత పెట్టుకొని పావుగంటసేపు సబ్బుల ప్రకటనలు తిలకించిన పిమ్మట, ఆ రాయి 70 లక్షల కిలోమీటర్ల యెడమున, అనగా చంద్రునికంటె 18 రెట్ల దూరమున, తన దారిని తాను పోవుచున్నదని సన్నని పంక్తి యొకటి అడుగున జరిగిపోవును. ఇది వెంట్రుకవాసిలో తప్పిన గండమట! అంత పొడుగు వెంట్రుక ఏ తలపై మొలచునో!

140 మీటర్లకు మించి, భూకక్ష్యకు 75 లక్షల కిలోమీటర్ల లోపలికి రాగల ప్రతి శిలను, ఊరి కావలివాడు క్రొత్తవారి పేర్లు వ్రాసికొనునట్లు, ఖగోళజ్ఞులు పట్టికకెక్కింతురు. ఛానెలువారు దానిని హంతకుల జాబితాగా చదువుదురు. పేరు తెలిసి, దారి తెలిసి, రాకపోకల వేళ తెలిసిన రాతిని చూచి వణకుటయే వారికి శాస్త్రము. పట్టికకెక్కని రాతిమాట వారికి పట్టదు.

2013 ఫిబ్రవరి 15న, ముందుగా లెక్కగట్టిన ప్రకారము 27,700 కిలోమీటర్ల యెత్తున భూమిని దాటిపోనున్న యొక శిలకొఱకు లోకమెల్ల కన్నులప్పగించి యుండగా, దానితో ఏ చుట్టరికమును లేని మఱియొకటి, ఇరువది మీటర్ల పాటిది, సూర్యుని దిక్కునుండి ఏ దూరదర్శినికిని చిక్కక వచ్చి, రష్యాలోని చెల్యాబిన్స్క్ ప్రాంతముపై దాదాపు 30 కిలోమీటర్ల యెత్తున బ్రద్దలైనది. మెఱుపు చూచి జనులు వేడుకతో కిటికీలకడ మూగిరి. ఆలస్యముగా వచ్చిన విస్ఫోట తరంగము ఆ గాజుపలకలనే వారి ముఖములపైకి విసరినది. గాయపడినవారు సుమారు 1,500. ఒక ఉపాధ్యాయురాలు మాత్రము, అదేమో తనకును తెలియకున్నను, పిల్లలను బల్లలక్రింద దూరుడని యాజ్ఞాపించినది; పిల్లలు క్షేమము, గాజు తెగినది ఆమె చేతికి. నాటి విశ్వవ్యాప్త పర్యవేక్షణలో పనికివచ్చిన భూరక్షణ విధానము ఆ బల్లలే.

140 మీటర్లకు మించిన శిలలలో నూటికి 90 పాళ్లు 2020 నాటికి కనిపెట్టవలెనని 2005లోనే అమెరికా కాంగ్రెసు నాసాను శాసించినది. గడువు తీరినది, సగమైనను దొరకలేదు. అందుకై తలపెట్టిన అంతరిక్ష దూరదర్శిని ద్రవ్యలోపముచే వెనుకకు జరుగుచు వచ్చినది. 2022లో డార్ట్ నౌక డైమార్ఫస్ అను శిలను ఢీకొని దాని పరిభ్రమణ కాలమును అరగంటకు పైగా తగ్గించుట ఘనకార్యమే, కాదనను. కాని కనబడని రాతిని గురిచూచు నౌక యింకను పుట్టలేదు. ఈ సంగతిపై ఏ ఛానెలును రాత్రి 9 గంటల చర్చ పెట్టిన జాడ నాకు కానరాదు.

2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అను శిల 32,000 కిలోమీటర్ల యెత్తున దాటిపోవును. అది ఢీకొనదనియు, నూఱేండ్లవఱకు దానివలన భయము లేదనియు రాడార్ పరిశీలనలు 2021లోనే తేల్చినవి. ఐనను నాడు 13వ తేదీ, పైగా శుక్రవారము! జ్యోతిష్కునికి కుడివైపు కుర్చీ, హోమకర్తకు ఎడమవైపుది ఇప్పటికే కేటాయింపబడి యుండును. ప్రకటనల ధర యొక్కటే తేలవలసి యున్నది.