గీత సమం, పాట గల్లంతు

సూరత్ కంటిని నమ్ముకున్న ఊరు. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది ఈ ఊరి మీదుగానే పోతాయంటారు. భూతద్దం కంటికి ఆనించుకుని రాయిలో మచ్చ పట్టేయడం ఇక్కడివాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్య ఈమధ్య సౌండ్ మిక్సింగ్‌కీ పాకింది. నవరాత్రి గర్బా కానివ్వండి, లింబాయత్‌లో మనవాళ్ళ బతుకమ్మ కానివ్వండి, మిక్సర్ ముందు కూర్చున్న తమ్ముడు పాటను వినడు, చూస్తాడు.

ఎదురుగా స్క్రీన్. ఎడమ చివర 20 హెర్ట్జ్, కుడి చివర 20,000. మధ్యలో రంగురంగుల గీతలు చిందులేస్తుంటాయి. దాన్ని ఎనలైజర్ అంటారు. తమ్ముడి సిద్ధాంతం ఒక్కటే: గీతలన్నీ ఒక ఎత్తున నిలబడితే సౌండు అదిరినట్టే. ఎక్కడ మిట్ట కనబడితే అక్కడ కోత.

పింక్ నాయిస్ అనే పరీక్ష రొద వేసి స్పీకర్లను సరిచూసుకునేటప్పుడు ఆ గీత చదునుగా ఉండాలన్నది నిజమే. పాట మొదలయ్యాక మాత్రం అలా ఉండదు, ఉండకూడదు. పాటలో బలమంతా కింది స్థాయిల్లో ఉంటుంది, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. దాన్ని పట్టుబట్టి చదును చేస్తే డోలుకు గుండె పోతుంది, గొంతుకు కీచుదనం వస్తుంది. అయితేనేం, స్క్రీన్ ఫొటో తీసి స్టేటస్ పెట్టుకోవడానికి బాగుంటుంది.

అసలు ముచ్చట స్టేజీ మీద ఉంది. బతుకమ్మ పాట ఎత్తుకున్న అక్క, "నా గొంతు నాకే ఇనొస్తలేదు తమ్మీ" అంటుంది. దానికి మందు మిక్సర్‌లోనే ఉంది, పేరు ఆక్స్ సెండ్. ఆమె కాళ్ళ దగ్గరి మానిటర్ స్పీకర్‌కి ఆమె గొంతు ఎంత పంపాలో అది చూసుకుంటుంది. దాన్ని ప్రీ-ఫేడర్‌లో పెడితే జనానికి వెళ్ళే సౌండుతో దానికి సంబంధం ఉండదు. మనవాడు ఎకోకి పెట్టినట్టే మానిటర్‌కీ పోస్ట్-ఫేడర్‌లో, అంటే ఫేడర్‌తో పాటే పెరిగి తగ్గేలా, వదిలేశాడు. ఇప్పుడు ఆక్స్ ముట్టుకోకుండా ఫేడర్ పైకి తోస్తాడు. జనానికీ పెరిగింది, మానిటర్‌కీ పెరిగింది. మానిటర్ సౌండు మైకులో దూరి కుయ్యిమంది. స్క్రీన్ మీద రెండున్నర వేల హెర్ట్జ్ దగ్గర సూదిలా ఒక గీత లేచింది. దొరికింది దొంగ! కోసేశాడు. ఎక్కడ? మెయిన్ ఈక్యూలో. కూత పెట్టింది మానిటర్, కోత పడింది జనం వినే స్పీకర్లకి. పాటలో మాట స్పష్టంగా వినిపించేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. కూత ఆగలేదు, మాట పోయింది. ఇదేమని అడిగితే "హాలే బాలేదన్నా" అంటాడు. ఆడలేక మద్దెల ఓడు.

వినేవాళ్ళ సంగతి చూడండి. తెలంగాణ నుంచి తరాల కిందట వచ్చిన పద్మశాలీలు ఎందరో ఇక్కడ సాంచాల (మరమగ్గాల) మీదే బతికారు. 90 డెసిబెల్స్ దాటే ఆ రొదలో ఏళ్ళు గడిపితే చెవి ముందుగా దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ దగ్గర. స్క్రీన్ మీద చదునుగా ఉన్న గీత ఆ చెవుల్లో చదునుగా ఉండదు. ముందు వరసలో పెద్దాయన "మాటలు తెలుస్తలేవు బిడ్డా" అంటే తమ్ముడు స్క్రీన్ చూపిస్తాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు కదా, ఇక్కడ చెవిటివాడెవరో మీరే తేల్చండి.

ఇందులో స్క్రీన్ తప్పేమీ లేదు. జేమ్స్ కూలీ, జాన్ ట్యూకీ 1965లో అచ్చువేసిన లెక్క పుణ్యమా అని, ఏ స్థాయిలో ఎంత సౌండు ఉందో అది రెప్పపాటులో చూపిస్తుంది. కూత ఏ హెర్ట్జ్ దగ్గరో చెవి తడుముకునేలోపే పట్టిస్తుంది. ఏ స్పీకర్ నుంచి వస్తోందో మాత్రం చెప్పదు. పాట బాగుందో లేదో అసలే చెప్పదు.

కాబట్టి సంఘం పెద్దలకు మనవి. ఈసారి అడ్వాన్సు ఇచ్చేముందు స్క్రీన్ మీద తువ్వాలు కప్పి, ఒక అక్కతో ఒక పాట పాడించి మిక్స్ చేయమనండి. కుర్రాడు లేచి స్టేజీ దాకా నడిచి మానిటర్ విని, ఆపైన జనంలో నిలబడి విన్నాడా, తువ్వాలు తీసేయండి. ఆ స్క్రీన్ అతనికి నిజంగా పనికొస్తుంది. కుర్చీ దిగలేదా, స్క్రీనూ తువ్వాలూ అతనికే ఉంచేసి అడ్వాన్సు జేబులో వేసుకుని వచ్చేయండి.