మా రోజుల్లో గ్యాలరీ లెక్కలు వేసేది కాదు

ఇంగ్లాండులోని డెర్బీ కౌంటీ ఫుట్‌బాల్ క్లబ్బు 2019 అక్టోబరు చివర్లో తన కెప్టెన్ రిచర్డ్ కియోను ఉద్యోగంలోంచి తీసేసింది. చూపిన కారణం తీవ్ర దుష్ప్రవర్తన. ఏడేళ్ళ పాటు ఆ తెల్ల చొక్కా వేసుకుని 300కు పైగా మ్యాచ్‌లు ఆడినవాడతను. వయసు 33. మోకాలు పాడై ఏడాదికి పైగా మైదానంలో అడుగు పెట్టలేడని అప్పుడు అనుకున్నారు. నేను ఈ డెర్బీ ఊళ్ళోనే ఎముకల డాక్టరుగా పని చేసి రిటైరైనవాణ్ణి, 1970ల మొదట్లో హైదరాబాదు నుంచి వచ్చినప్పటి నుంచీ ఈ జట్టు వెంటే ఉన్నవాణ్ణి. ఆ వార్త నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. క్లబ్బు చేసిన పని ఒక ఎత్తు, దాని గురించి మా అభిమానుల్లో చాలామంది మాట్లాడిన తీరు ఒక ఎత్తు.

జరిగింది ముందు చెప్పాలి. సెప్టెంబరు 24 రాత్రి జట్టంతా ఊరి శివారు క్వార్నడన్‌లోని ఒక పబ్బులో భోజనానికి కలిశారు. కొందరు పెందరాళే ఇళ్ళకు పోయారు, కొందరు కూచుని తాగారు. టామ్ లారెన్స్, మేసన్ బెనెట్ అనే ఇద్దరు ఆటగాళ్ళు తాగి కూడా ఎవరి కారు వాళ్ళు తీశారు. కియో లారెన్స్ కారులో ఎక్కాడు. దారిలో రెండు కార్లూ గుద్దుకున్నాయి. నడిపిన ఇద్దరూ దిగి పారిపోయారు. వెనక సీట్లో తమ కెప్టెన్ స్పృహ తప్పి ఉన్నాడు. వాళ్ళిద్దరూ మళ్ళీ అక్కడికి వచ్చింది ముప్పావుగంట తర్వాత.

స్పృహ తప్పినవాడి నాలుక వెనక్కి పడి శ్వాస ఆగితే నాలుగైదు నిమిషాలు చాలు, ఆ మనిషి మనకు దక్కడు. క్యాజువాల్టీలో రాత్రి డ్యూటీలు చేసిన ప్రతి డాక్టరుకూ తెలిసిన సంగతే ఇది. తాగి నడిపినవాళ్ళ కార్లలోంచి తీసుకొచ్చిన పిల్లల్ని చూశాను, వాళ్ళ తల్లుల్ని చూశాను. కాబట్టి ఆ రాత్రిని నేను కుర్రతనం కింద కొట్టిపారేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. కెప్టెన్ అయినవాడు కుర్రాళ్ళ చేతుల్లోంచి తాళాలు లాక్కోవాలి. కియో ఆ పని చెయ్యకపోగా తనే ఆ కారులో ఎక్కాడు. తప్పే. కానీ స్టీరింగు పట్టింది అతను కాదు, పారిపోయింది అతను కాదు.

కోర్టు ఆ ఇద్దరికీ 180 గంటల జీతం లేని సమాజసేవ, రెండేళ్ళ పాటు కారు నడపకూడదనే నిషేధం వేసింది. క్లబ్బు ఆరువారాల జీతం జరిమానా వేసి ఉద్యోగంలో ఉంచుకుంది. మోకాలు చితికినవాణ్ణి మాత్రం జీతం తగ్గించుకోమంది. అతను కుదరదన్నాడు. తీసేసింది. లారెన్స్‌ను రెండేళ్ళ ముందే లెస్టర్ నుంచి లక్షల పౌండ్లు పోసి కొన్నారు, ఇంకా అమ్ముకోవచ్చు. బెనెట్‌కూ వయసుంది. ముప్పై మూడేళ్ళ డిఫెండరు, అందులోనూ మోకాలి లిగమెంట్లు తెగినవాడు, సంతలో ఎవరికి కావాలి? పల్లెల్లో కొందరు రైతులు దున్నినన్నాళ్ళు దున్నించి, కాలు విరిగిన ఎద్దును కబేళాకు తోలేవాళ్ళు. దాన్ని తోలుతూ ఎద్దుదే తప్పని మాత్రం ఎవరూ అనగా నేను వినలేదు.

ఇక మా అభిమానుల మాట. అందరినీ ఒకే గాటన కట్టను. సిగ్గుచేటని తల దించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అయినా ఆ వారం పబ్బుల్లో, బస్సుల్లో, స్టేడియం బయట బర్గర్ బండ్ల దగ్గర నా చెవిన ఎక్కువగా పడ్డవి వేరే మాటలు. కాంట్రాక్టు 2021 దాకా ఉందట, ఇన్ని లక్షలు మిగిలాయట, ఆ డబ్బుతో జనవరిలో ఎవరినో తెచ్చుకోవచ్చట. మా మనవడే అన్నాడు, "తాతయ్యా, మీరు మనసుతో ఆలోచిస్తున్నారు. అతను ఆడేది లేదు, అమ్మేది లేదు. ఉత్త ఖర్చు" అని. వాడు మంచి పిల్లవాడు. చిన్నప్పుడు కియో పేరు వీపు మీద వేయించుకున్న చొక్కాతోనే నిద్రపోయేవాడు. వాడి నోట ఆ మాట విన్నప్పుడు నాకు కోపం కన్నా దిగులు ఎక్కువైంది. కుర్రాళ్ళకు ఆఫ్‌సైడు కన్నా ముందు ఆర్థిక నియమాలు వచ్చేస్తున్నాయి. మూడేళ్ళలో 3 కోట్ల 90 లక్షల పౌండ్లకు మించి క్లబ్బు నష్టపోకూడదన్న సంగతి అప్పట్లో మా స్టాండులో పదిహేనేళ్ళ పిల్లవాడికి కూడా కంఠతా వచ్చేది.

మా రోజుల్లో గ్యాలరీలో నిలబడ్డవాళ్ళు ఎవరో చెప్తాను. అప్పటి మా స్టేడియం బేస్‌బాల్ గ్రౌండ్. చుట్టూ ఇరుకిరుకు ఇళ్ళు, పక్కనే ఇనుము పోత పోసే లీస్ ఫౌండ్రీ. చలికాలం వచ్చిందంటే మైదానం బురదగుంట. 1977లో ఓ మ్యాచ్‌లో పెనాల్టీ కొట్టే చుక్క బురదలో కనిపించకుండా పోతే, గ్రౌండు చూసుకునే అతను బకెట్టూ బ్రష్షూ పట్టుకొచ్చి మ్యాచ్ మధ్యలో కొలిచి మరీ వేశాడు. అక్కడ నిలబడేవాళ్ళు ఫౌండ్రీ పనివాళ్ళు, రైల్వే వర్క్‌షాపు ఫిట్టర్లు, రోల్స్ రాయిస్ ఇంజన్ల కార్ఖానా మనుషులు. 1971 ఫిబ్రవరిలో రోల్స్ రాయిస్ దివాలా తీసినప్పుడు ఈ ఊరు ఊరంతా వణికిపోయింది. నేను ఇక్కడికి వచ్చేనాటికి ఆ భయం ఇంకా ఇళ్ళల్లోనే ఉంది. ఉద్యోగం పోవడం అంటే ఏమిటో, పనిలో చెయ్యి నలిగినవాడికి యజమాని ఎలా ముఖం చాటేస్తాడో వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. మా ఆస్పత్రికి వేళ్ళు తెగి వచ్చిన ఫౌండ్రీ మనిషి కట్టు కట్టించుకుంటూ అడిగే మొదటి ప్రశ్న, మళ్ళీ పనిలోకి ఎప్పుడు పోవచ్చు అని. అలాంటివాళ్ళ ముందు ఒకడి ఉద్యోగం ఊడిందంటే వాళ్ళు ముందు ఆ మనిషి వైపు నిలబడేవాళ్ళు, తప్పొప్పులు తర్వాత మాట్లాడుకునేవాళ్ళు.

1973 అక్టోబరు చూడండి. బ్రయన్ క్లఫ్ అప్పటికి మా మేనేజరు. రెండో డివిజన్లో పడి ఉన్న జట్టును 1967లో చేతుల్లోకి తీసుకుని, 1972లో ఇంగ్లాండు చాంపియన్లను చేశాడు. నోరు పెద్దది. టీవీల్లో, పత్రికల్లో అందరినీ కడిగేసేవాడు, తోటి క్లబ్బులను, పెద్దవాళ్ళను, ఎవరినీ వదిలేవాడు కాదు. అతని ప్రవర్తన క్లబ్బుకు తలవంపులు తెస్తోందని చైర్మన్ సామ్ లాంగ్సన్, బోర్డు పట్టుబట్టారు. క్లఫ్, అతని జోడీ పీటర్ టేలర్ రాజీనామా ఇచ్చారు. అంతే, ఊరు భగ్గుమంది. జనం ఊరేగింపులు తీశారు, సభలు పెట్టారు, ఉద్యమం పేరుతో ఒక సంఘమే కట్టారు. ఆటగాళ్ళు తమ మేనేజర్ని వెనక్కి పిలవమని బోర్డుకు సంతకాలు చేసి ఇచ్చారు. ఆ శనివారం లెస్టర్‌తో మ్యాచ్ మొదలయ్యే ముందు క్లఫ్ స్టాండులో కనిపించి చెయ్యి ఊపితే పుట్టిన హోరు నా చెవుల్లో ఇంకా ఉంది. మేనేజర్ని మారిస్తే జీతాల్లో ఎంత మిగులుతుందని ఆ రోజు ఎవరూ అడగలేదు. క్లఫ్ తిరిగి రాలేదు, డేవ్ మెకాయ్ వచ్చాడు, 1975లో మళ్ళీ చాంపియన్లమయ్యాం. అంటే బోర్డే ఒక రకంగా గెలిచింది. అయినా ఆ జనం చేసింది తప్పని నేననను.

ఇంకొకటి చెప్తాను, ఇది మా జట్టుది కాదు, మా ఉత్తరాన షెఫీల్డ్ వాళ్ళది. షెఫీల్డ్ వెన్స్‌డే ఆటగాళ్ళు పీటర్ స్వాన్, డేవిడ్ లేన్, టోనీ కే తమ జట్టు ఓడిపోతుందని పందెం కాశారు. ఆట చరిత్రలో అంతకన్నా నీచమైన పని ఏముంటుంది? 1965లో జైలుకు పోయారు, జన్మంతా ఆడకుండా నిషేధం పడింది. ఏడేళ్ళకు, 1972లో ఆ నిషేధం ఎత్తేశాక స్వాన్‌నూ లేన్‌నూ తిరిగి తీసుకున్నది ఎవరో కాదు, వాళ్ళు మోసం చేసిన ఆ వెన్స్‌డే క్లబ్బే. స్వాన్‌కు అప్పటికి ముప్పై అయిదేళ్ళు నిండాయి. అతన్ని అమ్ముకుంటే రూపాయి రాదు. శిక్ష అనుభవించినవాడు ఇంటికి వచ్చాడు, తలుపు తీశారు, అంతే.

అప్పటి యజమానులు దేవుళ్ళని నేననడం లేదు. 1961 దాకా ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వకూడదన్నది నియమం. కాంట్రాక్టు అయిపోయినా క్లబ్బు వదలకపోతే అతను ఇంకో చోట ఆడలేడు. జార్జ్ ఈస్ట్‌హామ్ అనే ఆటగాడు కోర్టుకెక్కితే 1963లో గానీ ఆ కట్టు సడలలేదు. గ్యాలరీలూ అంత పవిత్రమైనవి కావు, నల్లజాతి ఆటగాళ్ళ మీద అరటిపళ్ళు విసిరిన సిగ్గు ఈ దేశపు గ్యాలరీలకు ఉంది. ఆ విషయంలో ఇప్పటి పిల్లలే నయం. నేను కావాలంటున్నది ఆ కాలంలోంచి ఒక్క సంగతే, ఆటగాణ్ణి పనివాడిగా చూడగల ఆ కన్ను. నేను చిన్నప్పుడు చూసిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టులోనూ అదే ఉండేది. కోచ్ రహీం సాబ్ చేతి కింద 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన జట్టు అది. ఆడేవాళ్ళందరికీ పోలీసు ఉద్యోగం. ఆట ఆగిపోయినా జీతం ఆగేది కాదు. కాలు విరిగినంత మాత్రాన ఇంట్లో పొయ్యి ఆరేది కాదు.

కియో మీద కోపం రావడానికి మా వాళ్ళకు 2019 దాకా ఆగాల్సిన పని లేదు. 2014 మేలో వెంబ్లీలో ప్లేఆఫ్ ఫైనల్, పెద్ద డివిజనుకు పోవడానికి చివరి మెట్టు. క్వీన్స్ పార్క్ రేంజర్స్ పది మందితో ఆడుతోంది. తొంభయ్యో నిమిషంలో కియో బంతిని సరిగ్గా తన్నలేకపోయాడు, బాబీ జమోరా దాన్ని గోల్లో కొట్టాడు. ఒకటి సున్నాతో ఓడిపోయాం. మైదానంలో కూలబడ్డ ఆ మనిషిని చూసి మా వెనక వరసల్లో పెద్దవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ తప్పు క్లబ్బుకు కోట్ల పౌండ్లు పోగొట్టింది. అయినా తర్వాతి ఏళ్ళలో అతను కెప్టెన్‌గా ముందు నడిచాడు, మేం వెనక నడిచాం. ఆ మనిషే, అయిదేళ్ళు తిరిగేసరికి, మా నోళ్ళలో ఉత్త ఖర్చు అయిపోయాడు.

దుష్ప్రవర్తన అంటూ నీతి మాట్లాడిన క్లబ్బు సంగతి కూడా చూడాలి. నష్టాల నియమం దాటకుండా ఉండడానికి 2018లో యజమాని మెల్ మోరిస్ స్టేడియాన్ని క్లబ్బు నుంచి తన ఇంకో కంపెనీకే అమ్మించాడు. ఆటగాళ్ళ గుండెల మీద బెట్టింగ్ కంపెనీ పేరు ఉండేది. కియోను తీసేసిన రెండు నెలలకు వచ్చిన వేన్ రూనీకి ఆ కంపెనీ పేరులో ఉన్న 32 అంకెనే తొడిగారు, కెప్టెన్‌నూ చేశారు. రూనీ మీద నాకే కోపమూ లేదు, అతను మంచి మనసుతోనే పని చేశాడు. పిల్లల ముందు జూదం అంగడి బోర్డు ఊపుతూ ఇంకొకరి ప్రవర్తనకు మార్కులు వేసేవాళ్ళ మీదే నా కోపం.

కియో తరఫున వాదన విన్న లీగ్ కమిషన్ 2020లో అతనిది తీవ్ర దుష్ప్రవర్తన కాదని తేల్చింది. సుమారు 23 లక్షల పౌండ్లు ఇవ్వమంది. క్లబ్బు అప్పీలుకు పోయింది, 2021లో అక్కడా ఓడింది. అదే ఏడాది సెప్టెంబరులో దివాలా అంచుకు చేరి అడ్మినిస్ట్రేటర్ల చేతుల్లోకి పోయింది, మొత్తం 21 పాయింట్లు కోత పడింది, 2022 ఏప్రిల్లో మూడో శ్రేణికి పడిపోయింది. అలా పడిపోయిన సీజన్లో మా కెప్టెన్ ఎవరనుకున్నారు? ఆ రాత్రి కారు నడిపిన లారెన్సే. బాగా ఆడాడు, జట్టును నిలబెట్టడానికి చెమటోడ్చాడు. మా వాళ్ళు అతని పేరు పాడారు, నేనూ చప్పట్లు కొట్టాను. మనిషి తప్పు చేసి, శిక్ష పడి, మారి, తిరిగి అందరి మెప్పూ పొందడం నాకు సంతోషమే. మరి ఆ అవకాశం వెనక సీట్లో కూచున్నవాడికి ఎందుకు లేకపోయింది? లారెన్స్ కాళ్ళు బాగున్నాయి కనకనా?

ఈ మాట అడిగితే మా మనవడు ఒకరోజు తిరిగి నన్నే అడిగాడు, "అయితే మీరే యజమాని అయితే ఏం చేసేవాళ్ళు తాతయ్యా?" అని. చెప్పాను. ముగ్గురికీ జరిమానా వేస్తాను, నడిపిన ఇద్దరికీ ఎక్కువ, ఎక్కిన అతనికి తక్కువ. ఆ ఇద్దరినీ నెలకొకసారి క్యాజువాల్టీకి పంపి స్ట్రెచర్లు తోయిస్తాను. కియో చేతి మీది కెప్టెన్ పట్టీ తీసేస్తాను, అది అతను పోగొట్టుకున్నాడు. జీతం మాత్రం కాంట్రాక్టు ఆఖరి రోజు దాకా ఇస్తాను, మోకాలికి ఆపరేషనూ వ్యాయామమూ మా డాక్టర్ల చేతే చేయిస్తాను, కుంటుతూనైనా రోజూ వచ్చి కుర్ర డిఫెండర్లకు నిలబడే చోటు నేర్పమంటాను. వాడు కాసేపు ఊరుకుని, "దానికి చాలా డబ్బవుతుంది కదా" అన్నాడు. అవుతుంది. సీజన్ టికెట్టుకు ఏటేటా నేను కడుతున్నది అందుకే అన్నాను.